కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా: రైలు వదిలి వెళ్లిన బాట మీద 150 మైళ్లు

గత సంవత్సరం సెప్టెంబరు చివరి వారంలో అక్కయ్యా నేనూ అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రపు కంబర్లాండ్ పట్టణం నుంచి పెన్సిల్వేనియాలోని పిట్స్‌బర్గ్ నగరం దాకా ఐదు రోజుల పాటు సైకిళ్ల మీద ప్రయాణం చేశాము. మొత్తం 150 మైళ్లు, అంటే సుమారు 240 కిలోమీటర్లు. ఈ బాట పేరు గ్రేట్ ఆలిగేనీ పాసేజ్. ఒకప్పుడు రైళ్లు నడిచిన కట్టల మీద, పట్టాలు తీసివేసిన తరువాత, మెత్తగా దంచిన సున్నపురాతి పొడి పరిచి దీనిని తయారు చేశారు. కార్లకూ, లారీలకూ, మోటారు సైకిళ్లకూ దీని మీద ప్రవేశం లేదు. అక్కడక్కడా రోడ్లను దాటవలసి వస్తుంది, ఒకటి రెండు ఊళ్లలో కొద్ది దూరం వీధుల వెంట పోవలసి ఉంటుంది. అవి తప్పిస్తే నదులూ అడవులూ కొండలూ తోడుగా ఐదు రోజులూ మన దారిన మనం సాగిపోవచ్చు.

ఈ ప్రయాణానికి ఒక కారణం ఉన్నది. మూడేళ్ల క్రితం ఒక పల్లె రోడ్డు మీద మేమిద్దరమూ సైకిళ్ల మీద వెళుతుండగా, వెనక నుంచి వేగంగా వచ్చిన లారీ పక్క అద్దం అక్కయ్య భుజానికి జానెడు దూరంలో దూసుకుపోయింది. ఆమె పడలేదు, దెబ్బ తగలలేదు. కానీ ఆ గాలి విసురుకు హ్యాండిల్ ఊగిపోయి సైకిలు రోడ్డు అంచు దాటి మట్టిలోకి దిగిపోయింది. ఆ తరువాత ఆమె రోడ్డు మీద సైకిలు తొక్కడం మానివేసింది. యాభై ఎనిమిదేళ్ల వయసులో, ఒక మోకాలు నొప్పితో ఉన్నప్పటికీ, తొక్కడం ఆమెకు ఎప్పుడూ బరువు కాలేదు. వీపు వెనక ఏమి వస్తున్నదో అన్న భయమే ఆమెను ఆపింది. ఆ భయానికి తావు లేని దారి ఏదైనా ఉంటే అక్కడికి తీసుకువెళ్తానని నేను మాట ఇచ్చాను.

బయలుదేరిన కంబర్లాండ్‌లోనే రెండు బాటలు కలుస్తాయి. ఒకటి మేము ఎక్కబోయే రైలు కట్ట బాట. రెండవది చెసపీక్ అండ్ ఒహాయో కాలువ గట్టు మీది బాట. అది 184.5 మైళ్ల పొడవున పొటోమాక్ నది వెంట రాజధాని వాషింగ్టన్ నగరంలోని జార్జ్‌టౌన్ దాకా పోతుంది. 1828 జులై 4న తవ్వడం మొదలుపెట్టిన ఆ కాలువ కంబర్లాండ్ చేరడానికి 1850 దాకా పట్టింది. పడవలను లాగే కంచరగాడిదలు నడిచేందుకు వేసిన గట్టే నేటి సైకిలు బాట. 1924 వరదల తరువాత కాలువ మూతపడింది. 1950ల మొదట్లో ఆ గట్టు మీదుగా కార్లు పోయే విహార రహదారి ఒకటి వేయాలన్న ఆలోచన బలంగా ముందుకు వచ్చింది. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక ఆ ఆలోచనను సమర్థిస్తూ సంపాదకీయం రాసినప్పుడు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం ఓ. డగ్లస్ ఆ పత్రికవారిని తనతో కలిసి కాలువ పొడవునా నడిచి, ఆ తరువాత అభిప్రాయం చెప్పమని ఆహ్వానించాడు. 1954 మార్చిలో ఆ నడక జరిగింది. డజన్ల కొద్దీ మంది బయలుదేరగా చివరి దాకా నడిచినవారు డగ్లస్‌తో కలిపి తొమ్మిది మంది. పత్రిక తన వైఖరి మార్చుకున్నది, రహదారి ఆలోచన వెనక్కు పోయింది, 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక ఉద్యానవనం అయింది. రెండు బాటలనూ కలిపి తొక్కితే సుమారు 335 మైళ్లు అవుతుంది. మా సెలవు అంత లేదు కాబట్టి మేము రెండవ సగాన్నే ఎంచుకున్నాము. అయినా ఆ కాలువ గట్టు చివర నిలబడి ఒక్క క్షణం తూర్పు వైపు చూడకుండా బయలుదేరడం నాకు న్యాయంగా తోచలేదు. కారు రాని దారి తనంతట తాను మిగిలి ఉండదు, ఎవరో ఒకరు అడ్డం నిలబడితేనే మిగులుతుంది.

మ్యాపులో చూస్తే ఈ ప్రయాణంలోని మొదటి భాగం భయపెడుతుంది. కంబర్లాండ్ సముద్రమట్టానికి 600 అడుగులకు కాస్త పైన ఉంటుంది. అక్కడి నుంచి 24 మైళ్లు వెళ్లేసరికి 2,392 అడుగుల ఎత్తుకు చేరాలి. మధ్యలో ఆలిగేనీ పర్వతాల తూర్పు అంచు నిటారుగా నిలబడి ఉంటుంది. అక్కయ్య మోకాలి సంగతి తలచుకుని నేను చాలా రోజులు ఆలోచించాను. చివరకు ధైర్యం ఇచ్చినది ఒక్క అంకె: ఈ బాటలో అత్యధికమైన వాలు 1.75 శాతం. నూరు అడుగులు ముందుకు పోతే రెండు అడుగులు కూడా పైకి ఎక్కనక్కరలేదు.

ఈ మెత్తని వాలు సైకిళ్ల కోసం చేసినది కాదు. నునుపైన ఉక్కు చక్రం నునుపైన ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు రాపిడి చాలా తక్కువగా ఉంటుంది. సమతలం మీద అది వరమే గానీ, ఎత్తు ఎక్కవలసి వచ్చినప్పుడు అదే శాపం అవుతుంది. చక్రాలకు పట్టు దొరకదు. బరువైన బొగ్గు రైలు నూటికి రెండు అడుగులు ఎక్కాలంటేనే ఇంజను రొప్పుతుంది. అందుచేత రైలు మార్గం వేసే ఇంజనీర్లు కొండను ఎదురుగా ఎక్కరు. దాని ఒంటి మీదుగా చుట్టి, లోయలను వంతెనలతో దాటి, తప్పనిసరి అయిన చోట సొరంగం తొలిచి, వాలును ఎక్కడా మీరనివ్వకుండా చూసుకుంటారు. వెస్ట్రన్ మేరీలాండ్ రైల్వే కంబర్లాండ్ నుంచి కనెల్స్‌విల్ దాకా వేసిన ఈ మార్గం 1912లో మొదలైంది. అప్పటికి ఎన్నో ఏళ్ల ముందే బాల్టిమోర్ అండ్ ఒహాయో రైల్వే అదే లోయలో తన పట్టాలు వేసుకుని ఉన్నది. రెండవదిగా వచ్చిన కంపెనీకి మిగిలిన కష్టమైన నేల మీద ఇంకా పెద్ద వంతెనలూ, ఇంకా పొడవైన సొరంగాలూ కట్టవలసి వచ్చింది. ఒకే లోయలో రెండు మార్గాలు అనవసరమైన కాలం వచ్చినప్పుడు, 1975లో, ఈ రెండవ మార్గాన్నే వదిలివేశారు. బొగ్గు బండి కోసం లెక్క కట్టిన వాలు అక్కయ్య మోకాలికి సరిగ్గా సరిపోయింది.

మొదటి రోజు మేము 16 మైళ్లు మాత్రమే వెళ్లి ఫ్రాస్ట్‌బర్గ్‌లో ఆగాము. కంబర్లాండ్ ఊరు దాటగానే రెండు కొండల నడుమ వాగు కోసిన ఇరుకు దారిలోంచి బాట లోపలికి ప్రవేశిస్తుంది. అక్కడి నుంచి ఫ్రాస్ట్‌బర్గ్ దాకా పట్టాలు పూర్తిగా పోలేదు. సందర్శకుల కోసం నడిపే రైలు ఒకటి పక్కనే పోతుంటుంది, బాటకూ పట్టాలకూ మధ్య కంచె ఉంటుంది. 914 అడుగుల బ్రష్ సొరంగంలో మాత్రం సైకిళ్లూ రైలూ ఒకే గుహను పంచుకుంటాయి. రైలు లోపల ఉన్నప్పుడు బయట ఆగి, పొగ పోయేదాకా వేచి ఉండడం మంచిది. చిన్న గేరులో, గంటకు ఆరేడు మైళ్ల వేగంతో, మాట తడబడకుండా మాట్లాడుకుంటూ ఎక్కాము. వాలు కంటికి కనిపించదు. బాట సమంగా ఉన్నట్టే తోస్తుంది, కానీ పెడలు ఆపితే సైకిలు పది గజాలలో నిలిచిపోతుంది. ఆ రోజుకు అసలైన కష్టం బాట మీద కాక, బాట వదిలి ఊళ్లోకి ఎక్కే మెలికల దారిలో ఎదురైంది. రైలు ఇంజనీరు లెక్క దాటి బయటకు రాగానే కొండ తన అసలు రూపం చూపింది. అక్కయ్య అక్కడ దిగి సైకిలు నడిపించుకు వచ్చింది.

రెండవ రోజు ఉదయం మంచు ఇంకా విడలేదు. ముందుగా 957 అడుగుల బోర్డెన్ సొరంగం వచ్చింది. దానిలో దీపాలు లేవు. సైకిలు దీపం వెలుగులో గోడల తడి మాత్రం మెరుస్తుంటే, అవతలి వైపు వెలుగు నాణెమంత కనిపిస్తూ నెమ్మదిగా పెద్దదవుతుంది. ఆ తరువాత మేసన్-డిక్సన్ రేఖ వచ్చింది. 1763 నుంచి 1767 దాకా చార్లెస్ మేసన్, జెరెమయా డిక్సన్ అనే ఇద్దరు సర్వేయర్లు ఈ అడవుల గుండా కొలిచి నిర్ణయించిన ఈ సరిహద్దును బాటకు అడ్డంగా రాళ్లు పేర్చి చూపించారు. ఒక చక్రం మేరీలాండ్‌లో, ఒక చక్రం పెన్సిల్వేనియాలో ఉండేటట్టు అక్కయ్య సైకిలు నిలబెట్టి ఫొటో తీయమన్నది.

మరికొంత ఎక్కితే బిగ్ సావేజ్ సొరంగం. దాని తూర్పు ముఖద్వారం దగ్గర చెట్లు తొలగి, మేము ఎక్కి వచ్చిన మేరీలాండ్ లోయలన్నీ ఒకదాని వెనక ఒకటి నీలంగా పరుచుకుని కనిపించాయి. ఈ ప్రయాణంలో అన్నిటికన్నా విశాలమైన దృశ్యం అదే. సొరంగం పొడవు 3,294 అడుగులు, అంటే కిలోమీటరు. చాలా కాలం పాడుబడి, నీరు కారుతూ ఉన్న దీనిని కోట్ల రూపాయల విలువ చేసే డాలర్లు ఖర్చు చేసి బాగుచేసి 2006లో తెరిచారు. లోపల దీపాలు ఉన్నాయి. చలికాలంలో గడ్డకట్టే మంచు నుంచి గోడలను కాపాడేందుకు డిసెంబరు నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా తలుపులు మూసివేస్తారు. దానికి సరైన ప్రత్యామ్నాయ దారి కూడా లేదు. కాబట్టి ఈ ప్రయాణం తలపెట్టేవారు నెల చూసుకుని బయలుదేరాలి.

సొరంగం దాటిన కొద్ది దూరానికి తూర్పు జలవిభాజక రేఖ వస్తుంది. బాట అక్కడ ఒక చిన్న రోడ్డు కింద నుంచి పోతుంది. ఆ కింది గోడల మీద బొమ్మలు వేసి, కంబర్లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా ఎత్తుపల్లాల గీత కూడా చిత్రించారు. ఆ గీత చూసినప్పుడు అక్కయ్య ముఖంలో కలిగిన వెలుగు నాకు ఇంకా గుర్తున్నది. ఒక పక్క నిలువుగా ఎక్కిన గీత మరొక పక్క 126 మైళ్ల పొడవునా మెల్లగా దిగుతూ పోతుంది. ఇక్కడ కురిసిన వాన చినుకు తూర్పుకు జారితే పొటోమాక్‌లో కలిసి చెసపీక్ అఖాతం ద్వారా అట్లాంటిక్ చేరుతుంది. పడమటికి జారితే కాసెల్‌మన్, యాకగేనీ, మొనాంగహేలా, ఒహాయో, మిసిసిపీ నదుల గుండా గల్ఫ్ ఆఫ్ మెక్సికో దాకా పోతుంది. మేము ఆ పడమటి చినుకు దారినే పిట్స్‌బర్గ్ దాకా పట్టాము. తక్కిన నాలుగు రోజులూ మా పక్కన ఏదో ఒక నీరు మేము పోయే వైపుకే పారుతూ వచ్చింది.

ఇక్కడ ఒక సంగతి కాస్త నిదానంగా చెప్పాలని ఉన్నది. వాహనాలు లేని దారి అనగానే భద్రత గురించే అందరూ మాట్లాడతారు. నేనూ ఆ ఉద్దేశంతోనే బయలుదేరాను. తీరా వెళ్లాక అంతకు మించినది ఒకటి తెలిసింది. రోడ్డు మీద ఇద్దరు కలిసి పోతే ఒకరి వెనక ఒకరు పోవాలి. ముందున్నవారికి వెనక మనిషి కనిపించరు, వెనకవారికి ముందు మనిషి వీపు మాత్రమే కనిపిస్తుంది. ఏదైనా చెప్పాలంటే అరవాలి, అరిచినది గాలికి పోతుంది. రోజంతా కలిసి ప్రయాణించి, నలభై మాటలు కూడా మాట్లాడుకోకుండా రాత్రికి బస చేరడం మాకు అలవాటు. ఈ బాట మీద రెండు సైకిళ్లు పక్కపక్కన పోవచ్చు. మొదటి రోజు మధ్యాహ్నం దాకా అక్కయ్య పాత అలవాటు కొద్దీ నా వెనకే వచ్చింది. రెండవ రోజు, జలవిభాజక రేఖ దాటి దిగుతున్నప్పుడు, ఎప్పుడు వచ్చిందో తెలియకుండా నా పక్కకు వచ్చింది. అమ్మ చివరి రోజుల గురించి, తాను ఉద్యోగం మానివేసిన సంవత్సరం గురించి, నేను ఎన్నడూ అడగని, ఆమె ఎన్నడూ చెప్పని విషయాలు ఎన్నో ఆ దిగుడులో, చక్రాల కింద సున్నపురాతి పొడి సన్నగా కరకరలాడుతుండగా, ముందుకు చూస్తూనే చెప్పింది. ఎదురెదురుగా కూర్చుంటే చెప్పేది కాదేమో.

చెవి కూడా మారుతుంది. రోడ్డు మీద చెవి వెనక్కే తిరిగి ఉంటుంది, ఇంజను చప్పుడు తప్ప మరొకటి దానికి పట్టదు. ఇక్కడ రెండు రోజులు గడిచేసరికి చెవి అన్ని వైపులకూ తెరుచుకున్నది. ఎండుటాకుల్లో ఉడుత జాతి చారల జీవి పరుగెత్తిన చప్పుడు, వాగు రాతి మీద నుంచి దూకిన చప్పుడు, పొదల వెనక జింక ఆగి విన్నప్పుడు కలిగే నిశ్శబ్దం కూడా వినబడ్డాయి. ఎవరైనా మనలను దాటి పోవాలంటే గంట కొట్టి, ఎడమ వైపు నుంచి వస్తున్నామని పలికి పోతారు. ఆ గంట కూడా ఉలికిపాటు కలిగించేది కాదు.

మేయర్స్‌డేల్ పట్టణానికి ఇవతల 910 అడుగుల కీస్టోన్ వంతెన ఉన్నది. పట్టణం దాటిన తరువాత సాల్స్‌బరీ వంతెన వస్తుంది. 1,908 అడుగుల పొడవు, 101 అడుగుల ఎత్తు. కింద కాసెల్‌మన్ నది, పొలాలు, రహదారి, వాటితో పాటు నేటికీ బతికి ఉన్న ఆ మొదటి రైలు మార్గం. మేము మధ్యకు చేరేసరికి అడుగున సరకుల రైలు ఒకటి వచ్చింది. పై నుంచి చూస్తే పెట్టెలు ఒకదాని వెనక ఒకటి లెక్కలేనన్ని వస్తూనే ఉన్నాయి. గెలిచిన రైలు కింద పోతున్నది, ఓడిన రైలు దారి మీద మేము నిలబడి ఉన్నాము. దూరాన కొండ శిఖరాల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. గాలి బలంగా ఉన్నందువల్ల అక్కయ్య వంతెన పొడవునా దిగి నడిచింది, నేనూ ఆమెతోపాటు నడిచాను. అంత ఎత్తున అంతసేపు ఆగి చూడడం కారులో పోయేవారికి సాధ్యమయ్యేది కాదు. ఆ రాత్రి రాక్‌వుడ్‌లో బస చేశాము.

మూడవ రోజు ప్రయాణమంతా నది ఒడ్డునే. కాసెల్‌మన్ నది ఒకచోట కొండ ముక్కును చుట్టి పెద్ద వంపు తిరుగుతుంది. రైలు ఆ వంపును ఒప్పుకోలేదు. ఒక వంతెన, వెంటనే 849 అడుగుల పింకర్టన్ సొరంగం, వెంటనే మరొక వంతెనతో నేరుగా దూసుకుపోయింది. ఈ సొరంగం శిథిలమై మూసి ఉన్నంత కాలం సైకిళ్లు ఆ ముక్కు చుట్టూ తిరిగి పోయేవి. 2015లో దానిని బాగుచేసి తెరిచారు. మరికొంత దిగువన కాన్‌ఫ్లూయెన్స్ అనే ఊరు, పేరుకు తగ్గట్టే, కాసెల్‌మన్, యాకగేనీ, లారెల్ హిల్ క్రీక్ అనే మూడు నీళ్లు కలిసే చోట ఉన్నది. ఆ కలయిక టర్కీ కోడి పాదంలా ఉండడం వల్ల పూర్వం దానిని టర్కీఫుట్ అనేవారు. యాకగేనీ అన్న పేరును ఇంగ్లీషులో రాసిన తీరు చూసి సరిగా పలకగలిగిన కొత్తవారు ఎవరూ ఉండరు. స్థానికులు దానిని ముద్దుగా యాక్ అని కుదించి పిలుస్తారు. నదిని ఇంటి మనిషిలా పిలిచే ఊళ్లంటే నాకు గౌరవం.

అక్కడి నుంచి ఒహాయోపైల్ దాకా పది మైళ్లు. ఈ మొత్తం బాటలో ఒక్క రోజే గడిపే వీలున్నవారు ఎవరైనా అడిగితే నేను ఈ పది మైళ్లే చెబుతాను. ఎడతెగని అడవి, పక్కన లోతుగా నది, బండరాళ్ల మధ్య తెల్లని నురగ, ఒక వైపు కొండ గోడ నుంచి జారే సన్నని జలధారలు, వాటి పక్కన దట్టమైన రోడోడెండ్రాన్ పొదలు. మేపుల్ ఆకులు అప్పుడే అంచులలో ఎర్రబడుతున్నాయి. ఒహాయోపైల్ దగ్గర నది జలపాతమై దూకుతుంది. 1754లో అప్పటికి యువ సైనికాధికారి అయిన జార్జ్ వాషింగ్టన్ ఈ నది మీదుగా పడమటికి జలమార్గం దొరుకుతుందేమోనని చూస్తూ వచ్చి, ఈ జలపాతం చూసి వెనుదిరిగాడు. ఆయనను ఆపిన చోటే ఈ బాట పుట్టింది. 1986లో ఇక్కడ మొదట తొమ్మిది మైళ్లు మాత్రమే తెరిచారు.

ఆ తొమ్మిది మైళ్లు 150 అవడానికి 27 ఏళ్లు పట్టింది. ఒకచోట వంతెనకు చెక్క పలకలు వేయాలి, మరొకచోట ఒక కర్మాగారపు స్థలం గుండా హక్కు సంపాదించాలి, ఇంకొకచోట సొరంగానికి డబ్బు పోగు చేయాలి. ఊరికి ఒక స్వచ్ఛంద బృందం ఏర్పడి తన ఊరి ముందు ముక్కను తాను పూర్తి చేసుకుంటూ పోగా, చివరి ముక్క 2013 జూన్‌లో పిట్స్‌బర్గ్ దగ్గర కలిసింది. రైలు కట్ట ఒకసారి ముక్కలై అమ్ముడుపోతే మళ్లీ కలపడం దాదాపు అసాధ్యం. ఒకరు ఇల్లు కడతారు, ఒకరు కంచె వేస్తారు, ఒక వంతెన తుక్కుకు పోతుంది. ఈ ప్రమాదాన్ని గుర్తించిన అమెరికా కాంగ్రెసు 1983లో జాతీయ బాటల చట్టాన్ని సవరించింది. వాడకంలో లేని రైలు మార్గాన్ని రేపు ఎప్పుడైనా అవసరం వస్తుందేమోనని విడగొట్టకుండా నిలిపి ఉంచి, ఈలోగా బాటగా వాడుకునే వీలును ఆ సవరణ కల్పించింది. దేశమంతటా ఎన్నో మార్గాలు అలా మిగిలాయి. అంతకు ముందే, 1967లో, విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎల్‌రాయ్ నుంచి స్పార్టా దాకా ఒక రైలు కట్టను సైకిలు బాటగా మార్చి దారి చూపారు.

నాలుగవ రోజు కనెల్స్‌విల్ దాటాక నేల స్వభావం మారిపోయింది. ఇక్కడి నుంచి వేరొక రైల్వే, పిట్స్‌బర్గ్ అండ్ లేక్ ఈరీ, వేసిన కట్ట మీద పోతాము. ఒకప్పుడు పిట్స్‌బర్గ్ ఉక్కు కొలుములకు కావలసిన కోకు, అంటే బట్టీలలో కాల్చి తయారు చేసిన బొగ్గు, ఈ ప్రాంతం నుంచే పోయేది. గుండ్రని కప్పు గల ఇటుక బట్టీలు వరుసలు వరుసలుగా రాత్రింబవళ్లు మండేవి. ఇప్పుడు వాటి నోళ్లు చెట్ల వేళ్ల మధ్య నల్లగా తెరుచుకుని, సగం కూలి, బాట పక్కనే కనిపిస్తాయి. కొండ నుంచి దిగే కొన్ని నీటి పాయలు రాళ్లకు తుప్పు రంగు పూసి పోతున్నాయి. మూసివేసిన గనుల్లో నుంచి ఊరి వచ్చే నీటిలోని ఇనుము అది. అడవి అంతా కప్పివేసినా, కొండ లోపలి గాయం ఇంకా కారుతూనే ఉన్నది.

స్మిత్‌టన్ ఊరు చేరక ముందు డార్ బొగ్గు గని ఉండిన చోటు వస్తుంది. 1907 డిసెంబరు 19న అక్కడ జరిగిన పేలుడులో 239 మంది మనుషులు, వారిలో పిల్లలనదగిన వయసువారు కూడా, చనిపోయారు. మేము సైకిళ్లు ఆపి, అక్కడి ఫలకం చదివి, కాసేపు నిలబడ్డాము. నది ఏమీ తెలియనట్టు ఎండలో మెరుస్తూ పోతున్నది. అందమైన దృశ్యాలు చూడడానికి వచ్చినవారికి ఇది అడ్డు అని నేను అనుకోను. మేము ఇంత సుఖంగా తొక్కిన ఆ వాలు, ఆ వంతెనలు, ఆ సొరంగాలు అన్నీ ఈ బొగ్గు కోసమే కట్టినవి. వారి పేరు తలచుకోకుండా ఆ బాట మీద పోవడం సరి కాదు.

వెళ్లదలచినవారికి నాకు తెలిసినవి కొన్ని చెబుతాను. 35 మిల్లీమీటర్లు, అంతకు మించిన వెడల్పు గల టైర్లు ఈ పొడి మీద నిలకడగా పోతాయి, సన్నని రేసు టైర్లు పనికిరావు. వాన పడితే సున్నపురాతి పొడి తడి పేస్టులా మారి గొలుసుకు పట్టుకుంటుంది, కాబట్టి గుడ్డా, చిన్న నూనె సీసా దగ్గర ఉండాలి. సొరంగాలకు దీపం తప్పనిసరి. లోయలో చాలా దూరం ఫోను పలకదు. అందుచేత మ్యాపు ముందుగానే దింపుకోవాలి. ట్యూబు మార్చడం ముందే నేర్చుకుని ఉండాలి. వెస్ట్ న్యూటన్‌కు ఆరు మైళ్ల ముందు నా వెనక చక్రం పంక్చరు అయింది. దారిన పోయే ముగ్గురు ఆగి పంపు కావాలా అని అడిగారు. రోడ్డు పక్కన ఆగినప్పుడు అలా ఎవరూ అడిగిన గుర్తు నాకు లేదు. బహుశా ఆగడానికి చోటు ఉండకపోవడమే కారణం కావచ్చు. బాట పొడవునా కంబర్లాండ్ నుంచి లెక్కించిన మైలురాళ్లు ఉన్నాయి. కంబర్లాండ్‌కూ పిట్స్‌బర్గ్‌కూ మధ్య రైలు కూడా ఉన్నది. ముందుగా చోటు కేటాయించుకుంటే సైకిలును విప్పకుండానే ఎక్కించుకోవచ్చు. పిట్స్‌బర్గ్ నుంచి మొదలుపెడితే చివరి 24 మైళ్లూ దిగుడే కాబట్టి చాలామంది అలా వెళతారు. నేను మాత్రం కంబర్లాండ్ నుంచే బయలుదేరమంటాను. కాళ్లు తాజాగా ఉన్నప్పుడే ఎత్తు ఎక్కి, ఆ తరువాత నాలుగు రోజులు నీటితోపాటు దిగడంలో ఉన్న నెమ్మది వేరు.

ఐదవ రోజు మెకీస్‌పోర్ట్ దగ్గర యాకగేనీ వెళ్లి మొనాంగహేలాలో కలిసింది, మేము అడవిని వదిలి పాత ఉక్కు ఊళ్లలోకి ప్రవేశించాము. హోమ్‌స్టెడ్‌లో 1892 జులై 6న సమ్మె కార్మికులకూ కంపెనీ పిలిపించిన ప్రైవేటు కాపలాదారులకూ నడుమ కాల్పులు జరిగిన నది ఒడ్డు పక్క నుంచే బాట పోతుంది. అప్పటి ఉక్కు కర్మాగారపు పంపు గది ఇటుక భవనం ఇంకా నిలిచి ఉన్నది. తరువాత హాట్ మెటల్ వంతెన మీద మొనాంగహేలాను దాటాము. ఒకప్పుడు అవతలి ఒడ్డు కొలుముల నుంచి ఇవతలి ఒడ్డుకు కరిగిన ఇనుమును బండ్ల మీద ఈ వంతెన గుండానే తెచ్చేవారు. అక్కడి నుంచి బాట పెద్ద రహదారి పక్కనే పోతుంది. నాలుగున్నర రోజుల తరువాత వాహనాల హోరు మళ్లీ చెవిన పడింది. ఇద్దరమూ మాట్లాడడం ఆపివేశాము.

మొనాంగహేలా, ఆలిగేనీ నదులు కలిసి ఒహాయో అయ్యే మొన దగ్గర 150వ మైలు ముగుస్తుంది. అక్కయ్య సైకిలును గడ్డి మీద పడుకోబెట్టి, నీటి అంచున మెట్టు మీద కూర్చుని, చెప్పులు విప్పి మోకాలు చాపుకున్నది. "ఒసేయ్, ఆ కొండ మీద చూసిన నీళ్లు ఇందులో ఉండే ఉంటాయి కదే?" అని అడిగింది. ఉండే ఉంటాయి, అక్కయ్యా, అన్నాను. చాలాసేపు కూర్చున్నాము.

బస అక్కడికి మైలున్నర దూరం, నగర వీధుల గుండా పోవాలి. మొదటి దీపస్తంభం దగ్గర ఎర్ర దీపం పచ్చగా మారగానే నేను ముందుకు కదిలాను. కొద్ది దూరం పోయి వెనక్కు చూశాను. అక్కయ్య నా పక్కన లేదు, రోడ్డు అంచుకు ఒదిగి, నా వెనక చక్రానికి రెండు గజాల దూరంలో వస్తున్నది. అయితే తొక్కుతూనే వస్తున్నది.